మీలో వీరేశలింగం ఎందుకు పుట్టలేదు?

కందుకూరి వీరేశలింగం పంతులు 1848లో రాజమండ్రిలో పుట్టారు. ఆ మరుసటి ఏడాది ఈజిప్టులో, నైలు నది పాయల మధ్య ఒక పల్లెలో, రైతు ఇంట ముహమ్మద్ అబ్దుహ్ అనే ముస్లిం సంస్కర్త పుట్టారు. ఇద్దరూ పాఠాలు చెప్పినవాళ్లే, ఇద్దరూ పత్రికలు నడిపినవాళ్లే. శాస్త్రం చదివామని మీసం మెలేసేవాళ్ల నోరు ఆ శాస్త్రంతోనే మూయించాలని ఇద్దరూ అనుకున్నారు. పంతులుగారు పరాశర స్మృతి చూపించి వితంతువుకు మళ్లీ పెళ్లి చేయవచ్చన్నారు. అబ్దుహ్ ఖుర్ఆన్ చూపించి బహుభార్యాత్వానికి కళ్లెం వేయాలన్నారు. అబ్దుహ్ 1905లో అలెగ్జాండ్రియాలో పోయారు. పంతులుగారు 1919లో ఇక్కడ, మద్రాసులోనే కన్నుమూశారు.

ఈ లెక్క నేను కట్టడానికి కారణం ఉంది. చెన్నైలో తెలుగువాళ్ల సభలకు తరచూ వెళతాను. ఉపన్యాసాలు అయిపోయి పులిహోర పొట్లాలు చేతికొచ్చాక ఎవరో ఒక పెద్దమనిషి దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడుగుతారు: “ఏమీ అనుకోకమ్మా, మీవాళ్లలో ఒక వీరేశలింగం ఎందుకు పుట్టలేదంటావు?” (“ఏమీ అనుకోకమ్మా” తర్వాత వచ్చే మాట ఎప్పుడూ అనుకోదగ్గదే అయి ఉంటుంది.) అడిగేవాళ్లలో దురుద్దేశం ఉన్నవాళ్లు తక్కువ. టీవీ చర్చలు చూసి చూసి ఆ ప్రశ్న వాళ్ల నాలుక మీదికి వచ్చేసింది, అంతే.

మాది నెల్లూరు జిల్లా. నూర్‌బాషాలం. దూది ఏకడం మా తాతల వృత్తి. ఇంట్లో తెలుగు తప్ప మరో భాష లేదు. ట్రిప్లికేన్‌లో మా పక్కింటి ఉర్దూవాళ్ల దృష్టిలో నేను సగం ముస్లింని, తెలుగు సభల్లో సగం తెలుగుదాన్ని. లెక్క ప్రకారం రెండు సగాలు కలిస్తే ఒకటి కావాలి. ఇక్కడెందుకో కావడం లేదు. ఆ చిరాకుతోనే ఈ వ్యాసం రాస్తున్నాను.

నా జవాబు ఇది. పుట్టారు. ఒకరు కాదు, పదుల మంది పుట్టారు. గత రెండున్నర శతాబ్దాల ముస్లిం సమాజాల చరిత్రలో సంస్కర్తలకు కరువు ఎన్నడూ రాలేదు. ఒక సంస్కరణకు మరొక సంస్కరణకు మధ్య తగవే ఆ చరిత్రలో ఎక్కువ భాగం. అందుకే సంస్కరణ వచ్చిందా లేదా అని అడిగితే పనికొచ్చే సమాధానం దొరకదు. ఎవరి బతుకు సంస్కరిస్తామన్నారో వాళ్ల చేతికి, మరీ ముఖ్యంగా ఆడవాళ్ల చేతికి, అందులో ఏమైనా పట్టు దొరికిందా అని అడగాలి. ఆ పట్టు దొరికిన చోట మహా ఛాందసుడి కలం నుంచి కూడా న్యాయం జరిగింది. దొరకని చోట మహా ఆధునికుడు కూడా కాగితం చించేశాడు. ఈ రెండో మాట అలంకారం కాదు, నిజంగానే చించేశాడు. ఆ సంగతికి వస్తాను.

ముందు వితంతు వివాహం సంగతి. మన రాజమండ్రిలో తొలి వితంతు వివాహం 1881లో జరిగింది. విద్యాసాగరుడి కృషితో చట్టం వచ్చింది 1856లో. అంతకు మూడు నాలుగు దశాబ్దాల ముందే ఉత్తరాదిలో రాయ్‌బరేలీకి చెందిన సయ్యద్ అహ్మద్ అనే ఆయన ఊరూరా తిరిగి, భర్త పోయిన ముస్లిం స్త్రీలకు మళ్లీ పెళ్లి చేయమని పోరాడారు. మతం అనుమతించినా, ‘పెద్దింటి’ ముస్లింలు వితంతు వివాహాన్ని చిన్నతనంగా భావించే రోజులవి. పక్కవాళ్ల ఆచారం వీళ్ల పరువు కూడా అయి కూర్చుంది. ఆయన ఊరికి చెప్పి ఊరుకోలేదు. చనిపోయిన తన అన్న భార్యను తానే పెళ్లి చేసుకున్నారు.

ఇంతవరకు చెబితే సభలో చప్పట్లు పడతాయి. మిగతాది కూడా చెప్పాలి. ఆ సయ్యద్ అహ్మదే దర్గాల మొక్కులు, ముహర్రం తాజియాలు (ఇమాం హుసేన్ సమాధి నమూనాల ఊరేగింపులు) మతానికి పట్టిన మకిలి అన్నారు. సిక్కు రాజ్యం మీద మతయుద్ధం ప్రకటించారు. 1831లో బాలాకోట్ దగ్గర ఆ పోరులోనే చనిపోయారు. వితంతువుకు పెళ్లి చేసినవాడు మంచివాడు, తాజియా వద్దన్నవాడు మూర్ఖుడు అని మనం ఆయన్ని రెండు ముక్కలు చేయలేం. ఆయన దృష్టిలో రెండూ ఒకే పని. గ్రంథంలో లేని ఆచారం పోవాలి, అది ఆడదాన్ని కాల్చేదైనా సరే, ఓదార్చేదైనా సరే. ఆధునిక ఇస్లామిక్ సంస్కరణలో నూటికి తొంభై పాళ్లు నడిచిన దారి ఇదే. మేలు, కీడు కలిసే వచ్చాయి.

ఈ దారికి బలం పోసింది అచ్చు యంత్రం. పద్దెనిమిదో శతాబ్దంలో ఢిల్లీలో షా వలీయుల్లా ఖుర్ఆన్‌ను పారశీకంలోకి అనువదించారు. ఆయన కొడుకులు ఉర్దూలోకి తెచ్చారు. రాతి అచ్చు వచ్చాక అది అణాల ఖరీదుకు దొరికింది. 1866లో దేవ్‌బంద్‌లో ఒక మదరసా మొదలైంది. మసీదు ముంగిట దానిమ్మ చెట్టు కింద ఒక గురువు, ఒక శిష్యుడు కూర్చున్నారనీ, ఇద్దరి పేరూ మహ్మూదేననీ చెబుతారు. నన్ను ఆకట్టుకునేది ఆ చెట్టు కాదు, ఖర్చు లెక్క. 1857 తిరుగుబాటు ఓడిపోయాక నవాబులు లేరు, జాగీర్లు లేవు. చందాల మీద నడిపారు. తరగతులు, సంవత్సరాంత పరీక్షలు, ముద్రించిన వార్షిక నివేదికలు అన్నీ ఆంగ్ల పాఠశాలల పద్ధతిలోనే పెట్టుకున్నారు. చదువు మాత్రం హదీసు (ప్రవక్త మాటలు, చేతలు), ఫిఖహ్ (ధర్మశాస్త్రం). సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1875లో అలీగఢ్‌లో పెట్టిన కళాశాల దారి వేరు. ఇంగ్లీషు, విజ్ఞానశాస్త్రం, క్రికెట్, కోటు. రెంటికీ పడలేదన్నది అందరికీ తెలిసిందే. రెండూ ఒకే ఓటమికి వెతుక్కున్న మందులన్నది మాత్రం చాలామంది మరిచిపోతారు.

తెలుగువాళ్లకు దగ్గరి ముచ్చట ఇంకోటి ఉంది. అబ్దుహ్‌కు గురువు జమాలుద్దీన్ అఫ్గానీ. తెల్లవాళ్ల పెత్తనం మీద కత్తి దూసి ఇస్తాంబుల్, కైరో, పారిస్ అని తిరిగిన మనిషి. ఆయన 1880 ప్రాంతంలో కొంతకాలం హైదరాబాదులోనే ఉన్నారు. అక్కడే కూర్చుని, పారశీకంలో, సర్ సయ్యద్ వర్గాన్ని దుమ్మెత్తి పోస్తూ రాశారు. కైరో సంస్కర్తల గురువు, అలీగఢ్ సంస్కర్తను తిట్టిపోసింది మూసీ ఒడ్డున! సంస్కరణల మధ్య తగవు అని నేను అన్నది ఇందుకే.

అబ్దుహ్ 1899లో ఈజిప్టుకు ముఫ్తీ, అంటే ధర్మ సందేహాలకు తీర్పు చెప్పే పెద్ద, అయ్యారు. 1903లో దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్ నుంచి ఒక ముస్లిం ఆయన్ని మూడు ప్రశ్నలు అడిగాడు. వ్యాపారం కోసం దొరల టోపీ పెట్టుకోవచ్చా? క్రైస్తవులు తమ పద్ధతిలో కోసిన మాంసం తినవచ్చా? షాఫీ పద్ధతివాడు హనఫీ ఇమామ్ వెనక నిలబడి నమాజు చేయవచ్చా? (షాఫీ, హనఫీ అనేవి ఇస్లాం ధర్మశాస్త్రంలో రెండు సంప్రదాయాలు.) మూడింటికీ అబ్దుహ్ సరేనన్నారు. కైరోలో పెద్ద దుమారం లేచింది. మనవాళ్లకు మొదటి రెండు ప్రశ్నలే సరదాగా కనిపిస్తాయి. చెన్నైలో ఉండే నాకు మూడోది ఆసక్తి. కోస్తా తమిళ ముస్లింలలో చాలామంది షాఫీలు, ఉర్దూవాళ్లు హనఫీలు. మా వీధిలో రెండు పద్ధతులవాళ్లూ ఉన్నారు. చేతులు ఎక్కడ కట్టుకోవాలి, ఆమీన్ పైకి అనాలా లోలోపల అనుకోవాలా అన్న తేడాలతో పక్కపక్కన నిలబడి నమాజు చేసి, బయటికి వచ్చి ఒకే బండి దగ్గర సమోసా తింటారు. పెద్ద పెద్ద ఉద్యమాలు సామాన్యుడి దాకా వచ్చేసరికి ఇలాంటి ప్రశ్నలుగానే వస్తాయి.

ఇక చించిన కాగితం. సయ్యద్ ముంతాజ్ అలీ దేవ్‌బంద్‌లో చదువుకున్న మనిషి. స్త్రీపురుషులు సమానులని, పురుషుడు అధికుడనడానికి చూపించే ప్రమాణాలన్నీ తప్పుడు వ్యాఖ్యానాలని ఒక పుస్తకం రాశారు. ఆ రాతప్రతిని అలీగఢ్ తీసుకెళ్లి ఎంతో ఆశతో సర్ సయ్యద్ చేతిలో పెట్టారు. చదువుతున్నకొద్దీ పెద్దాయన ముఖం రంగు మారింది. చివరికి దాన్ని చించి చెత్తబుట్టలో పడేశారు. ముంతాజ్ అలీ ఆ ముక్కలు ఏరుకున్నారు. 1898లో సర్ సయ్యద్ కాలం చేశాకే ఆ పుస్తకం ‘హుఖూఖె నిస్వాన్’ (స్త్రీల హక్కులు) పేరుతో అచ్చయింది. అదే ఏడాది ఆయన, భార్య ముహమ్మదీ బేగం కలిసి లాహోర్‌లో స్త్రీల వారపత్రిక మొదలుపెట్టారు. ఎవరు ఆధునికులు, ఎవరు ఛాందసులు అని గీత గీసుకున్నవాళ్లు ఈ ఉదంతాన్ని ఏ వైపు పెడతారో నాకు తెలుసుకోవాలని ఉంది.

మద్రాసుకు కూడా ఈ కథలో ఒక పేజీ ఉంది. ఇక్కడివాళ్లు దాన్ని ఎందుకు డప్పు కొట్టి చెప్పుకోరో అర్థం కాదు. బెంగాల్‌కు చెందిన రొకేయా సఖావత్ హుస్సేన్ ఇంగ్లీషులో ఒక కథ రాశారు. ఆ కథలోని దేశంలో మగవాళ్లు పరదా చాటున వంటింట్లో ఉంటారు. ఆడవాళ్లు సూర్యరశ్మితో వంటలు చేస్తూ, గాల్లో ఎగిరే బళ్ల మీద తిరుగుతూ రాజ్యం ఏలుతారు. ‘సుల్తానాస్ డ్రీమ్’ అనే ఆ కథను 1905లో అచ్చువేసింది కలకత్తా కాదు, లాహోర్ కాదు. మద్రాసులో నడిచిన ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’. సంపాదకురాలు కమలా సత్తియనాథన్, రాజమండ్రి తెలుగు కుటుంబంలో పుట్టిన క్రైస్తవ స్త్రీ. పంతులుగారి ఊరి ఆడపడుచు ఒక ముస్లిం స్త్రీ కలను మద్రాసులో అచ్చు వేయించింది! రొకేయా కథ రాసి ఊరుకోలేదు. 1911లో కలకత్తాలో బాలికల బడి పెట్టి, ఇల్లిల్లూ తిరిగి ఆడపిల్లలను పంపమని బతిమాలి నడిపించారు.

ఇదే కాలంలో దేవ్‌బంద్ పండితుడు మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ ఆడపిల్లల కోసం ‘బెహిష్తీ జేవర్’ (స్వర్గపు ఆభరణాలు) రాశారు. తెలుగు ముస్లిం ఇళ్లలో కూడా ఆ పేరు తెలియనివాళ్లు తక్కువ. అందులో శుచి నియమాలు, వంటకాలు, వైద్యం, ఉత్తరం రాయడం, జమాఖర్చులు అన్నీ ఉంటాయి. పెళ్లిళ్లలో దుబారా, చావుల్లో తంతులు, మొక్కుబళ్లు, అన్నింటినీ ఉతికి ఆరేశారు. ఆడది గడప దాటనక్కరలేదు, కానీ మౌల్వీకి తెలిసినంత మతం ఆమెకూ తెలియాలి అన్నది ఆయన వాదన. ఆయన ఊహించని సంగతి ఒకటుంది. చదవడం వచ్చాక మనిషి పెద్దలు చేతిలో పెట్టిన పుస్తకం ఒక్కటే చదివి ఆగడు.

థాన్వీ పేరు తలిస్తేనే మా ఆధునిక స్నేహితులు ముఖం చిట్లిస్తారు. అయితే ముస్లిం స్త్రీకి ఈ దేశంలో దక్కిన పెద్ద చట్టం ఒకటి ఆయన రాతల నుంచే వచ్చింది. కొంచెం వివరంగా చెప్పాలి. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం భర్త ఇల్లు వదిలి మాయమైతే, వాడి ఈడువాళ్లందరూ చనిపోయేంత వయసు వాడికి వచ్చేదాకా భార్య ఎదురుచూడాలి. అంటే జన్మంతా. తిండి పెట్టకపోయినా, కొట్టినా, ఆమె తనంతట తాను విడిపోవడానికి దాదాపు దారి లేదు. పంజాబులో కొందరు స్త్రీలు దానికో దారి కనిపెట్టారు. మతం మారితే పెళ్లి రద్దయినట్టే అని అదే శాస్త్రం చెబుతోంది కదా! కోర్టుకెళ్లి, నేను ఇస్లాం వదిలేశాను అని చెప్పి, భర్త పీడ వదిలించుకోసాగారు. ఉలేమాకు, అంటే మత పండితులకు, గుండెల్లో రాయి పడింది.

అప్పుడు థాన్వీ 1930ల మొదట్లో ఒక పుస్తకమంత ఫత్వా రాశారు. హనఫీ పద్ధతిలో దారి లేకపోతే మరో సంప్రదాయమైన మాలికీ పద్ధతి నుంచి అరువు తెచ్చుకోవచ్చన్నారు. మదీనాలోని మాలికీ పండితులకు ఉత్తరాలు రాసి అభిప్రాయాలు తెప్పించారు. ఆ పునాది మీదే 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. భర్త నాలుగేళ్లు కనిపించకపోయినా, రెండేళ్లు పోషించకపోయినా, ఏడేళ్ల జైలుశిక్ష పడినా, క్రూరంగా చూసినా భార్య విడాకులు కోరవచ్చు. మతం మారినంత మాత్రాన పెళ్లి రద్దు కాదని ఒక సెక్షన్ కూడా చేర్చారు. ఉలేమాకు కావలసింది అదే. న్యాయమూర్తి ముస్లిమే అయి ఉండాలని కూడా అడిగారు. అది చట్టంలోకి రాలేదు.

కలం పట్టింది థాన్వీ. పట్టించింది పేరు కూడా మిగలని ఆ పంజాబు ఆడవాళ్లు.

నా వాదనకు ఇంతకన్నా గట్టి రుజువు అక్కరలేదు. అయినా చరిత్ర పుస్తకాల్లో నుంచి ఎత్తి చూపితే అది ఎక్కడిదో అనిపిస్తుంది. మా ఊరి సంగతి చెబుతాను.

మా ఊళ్లో పీర్ల పండుగ ఘనంగా జరిగేది. ముహర్రం నెల పొడుపుతో పీర్ల చావిడికి సున్నం వేసేవారు. పెట్టెలో నుంచి పీర్లను తీసి, చింతపండుతో తోమి, దట్టీలు కట్టి నిలబెట్టేవారు. ముందు గుండం తవ్వేవారు. పీరును ఎత్తుకునే హక్కు మా అమ్మ పుట్టింటిది. వెనక డప్పులు మాలపల్లి, మాదిగపల్లి వాళ్లవి. గుండం తొక్కే మొక్కులు రెడ్ల ఇళ్లలోనే ఎక్కువ. పీరు వీధిలోకి వస్తే ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి, ఎత్తుకున్నవాడి కాళ్ల మీద పోసేవారు. బెల్లం పానకం, ఊదు వాసన, ఎవరికో పూనకం, ఆ పూనకంలో అత్తగారి బండారమంతా బయటపెట్టే కోడలు. పిల్లలకు అంతకన్నా వేడుక ఏముంటుంది?

మా పెద్దమామ ఒక ఏడాది తబ్లీగీ జమాత్‌తో చిల్లాకు వెళ్లొచ్చాడు. నలభై రోజులు ఊళ్లు తిరిగి మసీదుల్లో పడుకోవడాన్ని చిల్లా అంటారు. మౌలానా ఇల్యాస్ 1920ల్లో ఢిల్లీ దగ్గర మేవాత్‌లో మొదలుపెట్టిన ఉద్యమం అది. మేవాత్‌లోని మేవోలు దాదాపు మా నూర్‌బాషాల లాంటివాళ్లే. పేర్లు, పెళ్లిళ్లు, పండుగలు అన్నీ ఇరుగుపొరుగు హిందువులతో కలగలిసి ఉండేవి. వాళ్లకు కలిమా (విశ్వాస వాక్యం), నమాజు నేర్పాలని మొదలైన పని ప్రపంచమంతా పాకింది. రాజకీయం మాట్లాడరు, చందా అడగరు, తమ ఖర్చు తామే పెట్టుకుంటారు. మామ గడ్డంతో తిరిగొచ్చి, పీరు ఎత్తనన్నాడు. అది షిర్క్ అన్నాడు. దేవుడికి సాటి కల్పించడమన్నమాట.

ఊరు అట్టుడికింది. అమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదు. నేను పుట్టడానికి ఆ పీరుకు మొక్కుకున్న మనిషి మరి.

అదే మామ, తాత పోయాక, అమ్మను పిలిచి, “చెల్లీ, పెన్న కాలువ కింది పొలంలో నా వాటాకు సగమంత వాటా నీది, రాయించుకో” అన్నాడు. ఊళ్లో పెద్దలు వారించారు. ఆడపిల్లకు పెళ్లిలో పెట్టాం కదా, ఇంకా ఏమిటన్నారు. “పెట్టింది మీ ఆచారం, ఇవ్వమన్నది ఖుర్ఆన్. నాలుగో సూరాలో ఉంది, చదువుకోండి” అన్నాడు. రిజిస్ట్రార్ కచేరీకి వెళ్లి సంతకం పెట్టాడు. అమ్మకు ఆ వాటా తన హక్కని అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఆ పొలం కౌలు మీదే నా చదువు సాగింది.

పీర్లు మానిపించిన చెయ్యి, పొలం రాసిన చెయ్యి ఒకటే. మామ రెండింటికీ ఒకే పుస్తకం తెరిచాడు. నాకు పొలం వచ్చింది కనుక పీర్లు పోయినా ఫరవాలేదని అనలేను. ఆ పానకం తీపి గుర్తున్నది కనుక మామను మూఢుడని తిట్టనూ లేను. ఒక్క మాట మాత్రం అంటాను. పీర్ల చావిడి, గురువారం దర్గా ఆడవాళ్లు గొంతెత్తగలిగిన చోట్లు. వాటిని వదలమన్న సంస్కర్తలు, బదులుగా మసీదు తలుపు తెరవాలని చాలాకాలం అనుకోలేదు. నష్టపరిహారం లేకుండా భూమి సేకరించినట్టు చేశారు. ఈ మధ్య తమిళనాట వచ్చిన తౌహీద్ మసీదుల్లో (దేవుడొక్కడే, దర్గాలు వద్దు అనే వర్గంవాళ్లవి) ఆడవాళ్లకు చోటు పెడుతున్నారు. పెట్టినవాళ్లకు ఆ మాత్రం మెచ్చుకోలు దక్కాలి. (మా ఊళ్లో పీర్ల పండుగ ఆగలేదు. ఇప్పుడు రెడ్లే ఎత్తుకుంటున్నారు.)

తౌహీద్ వాళ్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి చెన్నై సంగతి కొంత. ఇక్కడి తమిళ ముస్లింలలో సంస్కరణ నిన్నమొన్నటిది కాదు. 1920ల నుంచే పా. దావూద్ షా మద్రాసులో ‘దారుల్ ఇస్లాం’ పత్రిక నడిపారు. జుమా ప్రసంగం అర్థం కాని అరబీలో ఎందుకు, తమిళంలో చెప్పండి అని పోరాడి మౌల్వీల చేత తిట్లు తిన్నారు. ఇప్పుడు చెన్నైలో తమిళ ప్రసంగం లేని తమిళ మసీదును వెతకాలి. తెలుగులో ఖుర్ఆన్ అనువాదానికి ఆద్యుడు చిలుకూరి నారాయణరావుగారు. సంస్కృత పండితుడు, బ్రాహ్మణుడు, స్వాతంత్ర్యానికి చాలా ముందే ఆ పని చేశారు. ఆ తర్వాత ముస్లిం పండితుల అనువాదాలు, హైదరాబాదు నుంచి జమాతె ఇస్లామీ వారి ‘గీటురాయి’ వచ్చాయి. ఉర్దూ రాని మాలాంటివాళ్లకు మతం తెలుగులో చేరింది వీటి ద్వారానే.

ఈ మధ్యకాలపు తౌహీద్ ప్రచారకులు కట్నం తీసుకున్న పెళ్లికి భోజనానికి కూడా వెళ్లవద్దన్నారు. మెహర్ (పెళ్లికూతురికి చెల్లించే సొమ్ము) వరుడే ఇవ్వాలి, అప్పటికప్పుడు ఇవ్వాలి అన్నారు. చాలా ఇళ్లలో ఆ మాట పనిచేసింది. అదే నోటితో నాగూరు దర్గాకు వెళ్లేవాడు ముస్లిమే కాదన్నారు. అన్నదమ్ముల మధ్య సలాములు ఆగిపోయాయి. నెల్లూరు జిల్లా కసుమూరు దర్గా ఉరుసుకు చెన్నై నుంచి ఏటా వెళ్లే మా బంధువులు, అత్తవారింట ఆ విషయం దాచిపెట్టి వెళతారు. మా ఇంటికి కూతవేటు దూరంలో 1795 నాటి వాలాజా మసీదు ఉంది. దాని నిర్మాణ సంవత్సరాన్ని సూచించే పారశీక పద్యం రాసింది రాజా మఖన్‌లాల్ అనే హిందువు. అది మసీదులోనే చెక్కి ఉంది. ఏ శుద్ధివాదానికీ కొరుకుడుపడని రాయి అది.

దీనికి మరింత చీకటి ముఖం కూడా ఉంది. 1744లో అరేబియాలో ముహమ్మద్ ఇబ్న్ అబ్దుల్ వహ్హాబ్ అనే పండితుడికి, ముహమ్మద్ ఇబ్న్ సవూద్ అనే సర్దారుకు ఒప్పందం కుదిరింది. ఒకరిది బోధ, ఒకరిది కత్తి. వాళ్ల వారసులు 1802లో షియాల పుణ్యక్షేత్రం కర్బలాను కొల్లగొట్టారు. 1920ల్లో మదీనాలో ప్రవక్త కుటుంబీకుల సమాధుల మీది గుమ్మటాలు కూల్చారు. ఆ తర్వాత చమురు డబ్బు ఆ బోధను దేశదేశాలకు మోసింది. ఔరంగాబాదులో పుట్టి, హైదరాబాదు నుంచి పత్రిక నడిపిన మౌలానా మౌదూదీ 1941లో జమాతె ఇస్లామీ స్థాపించారు. అంతకు ముందే 1928లో ఈజిప్టులో హసన్ అల్ బన్నా ముస్లిం బ్రదర్‌హుడ్ పెట్టారు. వీళ్లతో సంస్కరణ రాజ్యాధికారం వైపు తిరిగింది. 1953లో పాకిస్తాన్‌లో అహ్మదీల (మీర్జా గులాం అహ్మద్ అనుచరుల) మీద దాడులు జరిగాయి. 1974లో వాళ్లు ముస్లింలే కాదని అక్కడి పార్లమెంటు తీర్మానించింది. అహ్మదీయత కూడా సంస్కరణ పేరుతో మొదలైనదే. గ్రంథం ఎవరైనా చదువుకోవచ్చు అని మొదలై, మేం చదివినట్టే చదవాలి అనే దాకా వచ్చిన ప్రయాణం ఇది. ఇందులో చచ్చినవాళ్లలో ముస్లింలే ఎక్కువ అని చెప్పి నేను తప్పించుకోను. ఈ దారిలో ఆడవాళ్లకు, అల్పసంఖ్యాకులకు ఏ పట్టూ దొరకలేదు. నా కొలబద్దతో కొలిచినా అది ఓడిపోయిన సంస్కరణే.

రాజ్యం పైనుంచి రుద్దిన సంస్కరణ మాత్రం? తుర్కియే 1926లో స్విస్ చట్టాన్ని దించుకుంది. ట్యునీషియా 1956లో బహుభార్యాత్వాన్ని నిషేధించింది. రెండోదాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. మన దగ్గర 2017లో సుప్రీంకోర్టు ఒకే ఊపులో చెప్పే మూడు తలాకులను కొట్టేసింది. ఆ కేసు వేసినవాళ్లు ముస్లిం స్త్రీలు. తీర్పు వాళ్ల గెలుపు. 2019 చట్టం దానికి మూడేళ్ల దాకా జైలు జోడించింది. భర్త జైల్లో ఉంటే భరణం ఎవరిస్తారని అడిగితే ఇప్పటికీ సూటిగా చెప్పేవాళ్లు లేరు. అంతకన్నా పుదుక్కోట్టైలో షరీఫా ఖానం చేసిన పని నాకు పెద్దదిగా కనిపిస్తుంది. మగవాళ్లే కూర్చుని ఆడదాని విడాకులు తేల్చే ఊరి జమాత్‌లకు (ముస్లిం పెద్దల సంఘాలకు) పోటీగా ఆమె ఆడవాళ్ల జమాత్ పెట్టారు. మసీదు కూడా కడతామన్నారు. ఆ ధైర్యం ఏ పార్లమెంటూ ఇచ్చింది కాదు.

మళ్లీ పొలం దగ్గరికి వస్తాను, ఎందుకంటే సంస్కరణకు అసలు పరీక్ష అక్కడే. 1937 షరియత్ చట్టం ముస్లిం ఆడపిల్లకు వారసత్వం ఇచ్చింది కానీ వ్యవసాయ భూమిని వదిలేసింది. 1949లో మద్రాసు సవరణ ఆ భూమిని కూడా కలిపింది. నెల్లూరు అప్పుడు మద్రాసులోనే ఉంది. అంటే మా అమ్మకు కాగితం మీద హక్కు ఎప్పుడో వచ్చింది. పక్కింటి రెడ్డిగారి అమ్మాయికి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వాటా వచ్చింది ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణతో, 1980ల మధ్యలో. ఆ ముప్పై అయిదేళ్లూ ఈ విషయంలో చట్టం మా ఇంటి ఆడపిల్లనే ముందు నిలబెట్టింది. అది చెబితే సభలో పెద్దమనుషులు నమ్మరు. ఇప్పుడు లెక్క తిరగబడింది. రెడ్డిగారి అమ్మాయిది అన్నతో సమానమైన వాటా, మాది అన్న వాటాలో సగం. రెండిళ్లలోనూ పసుపు కుంకుమ కింద ఇంత చేతిలో పెట్టి హక్కు విడుదల పత్రం మీద వేలిముద్ర వేయించుకోవడం మాత్రం సమానంగా సాగుతోంది.

మా పెద్దమామ కూతురు చెన్నైలోనే ఆడిటర్‌గా పనిచేస్తోంది. ఆమెకు అరబీ అక్షరాలు దిద్దించింది మామే. పోయిన బక్రీదుకు ఊరు వెళ్లినప్పుడు ఆమె మామను నిలదీసింది. వారసత్వంలో సగమే అంటున్నావు సరే, బతికుండగా హిబా (కానుక) కింద ఇద్దరికీ సమానంగా రాయవచ్చు కదా అంది. నూమాన్ ఇబ్న్ బషీర్ హదీసు చదివి వినిపించింది. పిల్లల్లో ఒకరికి కానుక ఇచ్చి మిగతావాళ్లను వదిలేయబోయిన తండ్రిని ప్రవక్త వారించి, బిడ్డల మధ్య న్యాయం పాటించమన్న హదీసు అది. మామ గడ్డం నిమురుకున్నాడు. దానికి వ్యాఖ్యానాలు వేరే ఉన్నాయన్నాడు, ముఫ్తీగారిని అడిగి చెబుతానన్నాడు.

“అడుగు నాన్నా. హైదరాబాదులో ఆడపిల్లలకు కూడా ముఫ్తీ చదువు చెబుతున్నారు, వాళ్లలో ఒకరిని నేను అడుగుతాను. ఇద్దరి జవాబులూ పక్కపక్కన పెట్టుకుని మాట్లాడుకుందాం” అంది.

మామ కొడుకు అప్పటిదాకా ఫోను చూసుకుంటున్నవాడు తలెత్తి, నాకేమీ అభ్యంతరం లేదన్నాడు. అత్తకే ఉన్నట్టుంది.